పండగ అయ్యాక మళ్లీ అన్నం తగ్గిస్తున్నారా? ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

ముక్కనుమ దాటిందంటే చాలు, తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: "రేపట్నుంచి అన్నం బంద్." భోగి నుంచి మొదలుపెడితే చక్కెర పొంగలి, ఓళిగలు, అరిసెలు, మురుకులు, కనుమ నాడు నాటుకోడి పులుసులోకి సంగటి. ఏడాదంతా పిండిపదార్థాలు తగ్గించుకుని తినేవాళ్లు కూడా ఆ నాలుగు రోజులు లెక్కలు పక్కన పెట్టేస్తారు. అందులో తప్పేం లేదు, పండగ పండగే. నాకు టెన్షన్ అంతా ఆ తర్వాతి వారం గురించే. నాలుగు రోజులు తిన్నదాన్ని రెండు రోజుల్లో దించేయాలని పొద్దున ఒట్టి కాఫీ, మధ్యాహ్నం రెండు గుడ్లు, రాత్రికి మజ్జిగతో సరిపెట్టేస్తారు. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు మాత్రం ఎప్పటిలాగే వేసుకుంటారు. కళ్లు తిరిగి పడిపోయేది అప్పుడే.

మీరు చేసేది వీరమాచనేని రామకృష్ణ చెప్పే వీఆర్‌కే డైట్ కావచ్చు, కీటో కావచ్చు, పేరేమీ లేకుండా అన్నం, టిఫిన్లు తగ్గించడం కావచ్చు. రోజుకు 130 గ్రాముల లోపు పిండిపదార్థాలు తింటే లో కార్బ్ అంటారు. 50 గ్రాముల లోపుకు దిగితే దాదాపు కీటో. ఒక కప్పు వండిన అన్నంలోనే 40, 45 గ్రాములు ఉంటాయి కాబట్టి పండగ తిండి నుంచి కీటోకి దిగడం ఎంత పెద్ద దిగుడో ఊహించుకోండి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గేర్ తగ్గించుకుంటూ వచ్చినట్టు దిగాల్సిన దారి ఇది.

ముందు బరువు సంగతి. పండగ మరుసటి రోజు మిషన్ ఎక్కి రెండు కిలోలు పెరిగామని కంగారుపడి కడుపు మాడ్చుకునేవాళ్లే ఎక్కువ. ఆ రెండు కిలోల్లో కొవ్వు చాలా తక్కువ. మనం తిన్న పిండిపదార్థాల్లో కొంత కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. మురుకుల్లో, పులుసుల్లో పోయిన ఉప్పు ఇంకొంత నీటిని ఆపుతుంది. మళ్లీ అన్నం తగ్గించగానే ఈ నీరు వేగంగా బయటికి పోతుంది. అందుకే మొదటి వారంలో బరువు గబగబా తగ్గినట్టు కనిపిస్తుంది. నీటితో పాటు ఉప్పు కూడా పోతుందన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు. రెండో రోజు నుంచి ఐదో రోజు వరకు వచ్చే తలనొప్పి, నీరసం, రాత్రిపూట పిక్కలు పట్టేయడం, లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మడం చాలావరకు దీనివల్లే. కాబట్టి ఓ పది రోజులు ఆ మిషన్ జోలికి పోకండి.

మాత్రలు వేసుకునేవాళ్లు ఇది తప్పక చదవాలి

అన్నం తగ్గించే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మాత్రల డబ్బా తీసి, ఒక్కో స్ట్రిప్ వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. ముందు వైపు పెద్దగా ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, అది మనకు అక్కర్లేదు. కళ్లు సరిగా కనపడకపోతే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి, లేదా మెడికల్ షాపులో అడగండి.

అక్కడ డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కెనాగ్లిఫ్లోజిన్ లాంటి పేరు, అంటే చివర "గ్లిఫ్లోజిన్" అని ఉన్న పేరు కనిపిస్తే అక్కడే ఆగండి. మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రగా కూడా ఇవి వస్తాయి, కాబట్టి ఆ చీటీ మొత్తం చదవాలి. ఈ మందు చక్కెరను మూత్రంలోకి పంపించేస్తుంది. దీన్ని వేసుకుంటూ అన్నం, టిఫిన్లు పూర్తిగా మానేస్తే కొవ్వు కరిగేటప్పుడు ఒంట్లో తయారయ్యే కీటోన్లు ప్రమాదకరంగా పెరిగి రక్తం ఆమ్లంగా మారే అవకాశం ఉంది. కీటో అసిడోసిస్ అంటారు. మామూలుగా అయితే ఈ స్థితిలో షుగర్ బాగా ఎక్కువగా ఉంటుంది. ఈ మందు వేసుకునేవాళ్లలో మాత్రం మీటర్ మీద 250 లోపే చూపిస్తూ కూడా ఇది రావచ్చు. షుగర్ బాగానే ఉంది కదా అని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు, అసలు ప్రమాదం అక్కడే. వికారం, వాంతులు, కడుపునొప్పి, ఎప్పుడూ లేనంత నీరసం, ఊపిరి వేగంగా లోతుగా ఆడటం కనిపిస్తే పండగ తిండి అరగలేదేమో అనుకుని సోడా తాగించి పడుకోబెట్టకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే "ఫలానా మాత్ర వేసుకుంటున్నారు, అన్నం మానేసి ఇన్ని రోజులైంది" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టర్‌కి కీటోన్ల పరీక్ష చేయించాలని తడుతుంది.

గ్లిమెపిరైడ్, గ్లిక్లాజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఇంజెక్షన్లు ఇంకో రకం ప్రమాదం తెస్తాయి. మీరు తిన్నా తినకపోయినా ఇవి షుగర్‌ని దించుతూనే ఉంటాయి. పండగ రోజుల్లో షుగర్ పెరిగిందని కొందరు డోసు కూడా పెంచుకుని ఉంటారు. ఆ పెంచిన డోసు మీదే ఇప్పుడు అన్నం మానేస్తే లో షుగర్ వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకి ఈ భయం తక్కువ.

బీపీ మాత్రలదీ దాదాపు ఇదే కథ. నీరు, ఉప్పు బయటికి పోతుంటే బీపీ దానంతటదే తగ్గుతుంది. పైనుంచి మాత్ర కూడా పనిచేస్తుంది. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర వేసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే మొదటి రెండు వారాలు పొద్దున కూర్చుని ఒకసారి, లేచి నిలబడిన ఒకట్రెండు నిమిషాలకు ఇంకోసారి చూసి రాసి పెట్టుకోండి. నిలబడినప్పుడు పైసంఖ్య 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతుంటే, కళ్లు తిరుగుతుంటే డాక్టర్‌కి ఆ చీటీ చూపించండి.

ఇందులో ఏ మాత్రనీ మీ అంతట మీరు ఆపకండి. ముందు ఫోన్ చేసి "మళ్లీ అన్నం తగ్గిస్తున్నాను, డోసు మార్చాలా" అని అడగండి. డాక్టర్ చెప్పాకే తిండి మార్చండి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో చూపించుకునేవాళ్లయినా, చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీకి పోయి వచ్చేవాళ్లయినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగలేకపోతే, దగ్గర్లోని ఫిజీషియన్‌నైనా అడగండి. రెండు రోజులు ఆలస్యమైతే పోయేదేం లేదు.

లో షుగర్ వస్తే లడ్డూ పనికిరాదు

చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడటం, ఊరికే కోపం రావడం లో షుగర్ గుర్తులు. మీటర్‌లో 70 కంటే తక్కువ ఉంటే వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగాలి. అది లేకపోతే చక్కెర నీళ్లు. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూసి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే తాగాలి. మన ఊళ్లో ఎవరి సంచిలో చూసినా ప్రసాదం ఉంటుంది కదా, తొందరలో లడ్డూ నోట్లో పెట్టేస్తాం. లడ్డూలో నెయ్యి, శనగపిండి ఉంటాయి, వాటివల్ల చక్కెర రక్తంలోకి ఎక్కడం ఆలస్యమవుతుంది. ఆ క్షణంలో ఆలస్యమే ప్రమాదం. అందుకని జేబులో గ్లూకోజ్ పొట్లం ఉంచుకోండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

దిగడం ఎలా

మొదటి మూడు, నాలుగు రోజులు అన్నం మానేయడం గురించి ఆలోచించొద్దు. ముందు డబ్బాల్లో మిగిలిన అరిసెలు, మురుకులు, కాఫీలో చక్కెర, కూల్ డ్రింకులు ఆపండి. మధ్యాహ్నం అన్నం కొంచెం తగ్గించి, కూర రెండింతలు వేసుకోండి. ఆ తర్వాత రాత్రి పూట ఇడ్లీ, దోసె బదులు గుడ్లు, పనీర్, కూరగాయలకు మారండి. రెండో వారానికి మీరు పండగకు ముందు ఎంత తినేవారో అక్కడికి చేరుకుంటే చాలు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఒక పూట తిండి పూర్తిగా మానేయడం, ఏకాదశి ఉపవాసంతో మొదలుపెట్టడం లాంటివి అసలు పెట్టుకోవద్దు.

మన వైపు కూరగాయలకు కొదవ లేదు. బీర, సొర, పొట్ల, వంకాయ, బెండ, మటిక్కాయలు (గోరుచిక్కుడు), ఏ ఆకుకూర అయినా సరే. చెనక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) కొంచెం, పెరుగు ఓ గిన్నె. ఈ కాలంలో అనపకాయలు బాగా వస్తాయి కాబట్టి పితికిపప్పు లేకుండా ఇల్లు గడవదు. తినండి, కానీ అది పప్పుల లెక్కలోకే వస్తుంది, ఆకుకూరల లెక్కలోకి కాదు. ఓ చిన్న గిన్నెతో ఆపితే మంచిది. ఉర్లగడ్డ (బంగాళదుంప) వేపుడు అన్నంతో సమానం.

సంగటి గురించి గట్టిగా చెప్పాలి. "అన్నం మానేసి సంగటి తింటున్నా" అని సంతోషంగా చెప్పేవాళ్లు మన జిల్లాల్లో లెక్కలేనంతమంది. రాగులు మంచివే. కాల్షియం, పీచు తెల్ల బియ్యం కంటే చాలా ఎక్కువ. కానీ రాగిపిండిలోనూ మూడింట రెండొంతులు పిండిపదార్థమే. పైగా మనం సంగటి కెలికేది బియ్యం ఉడికించి అందులో పిండి పోసి. పెద్ద ముద్ద ఒకటి తింటే షుగర్ మీటర్ అన్నం తిన్నట్టే చెబుతుంది. నమ్మకం కుదరకపోతే ముద్ద తిన్న రెండు గంటలకు వేలు గుచ్చి చూసుకోండి. తినాలనిపిస్తే నిమ్మకాయంత ముద్ద, పక్కన నాటుకోడి, ఆకుకూర ఎక్కువ. బెల్లమూ అంతే. చక్కెర కంటే బెల్లం మేలని చెప్పి అరిసెకు మినహాయింపు ఇవ్వడానికి కుదరదు, రెండూ షుగర్‌ని పెంచేవే.

ఉప్పు విషయం ఎవరికి వారే చూసుకోవాలి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులు లేనివాళ్లు మొదటి వారం పల్చటి మజ్జిగలో చిటికెడు ఉప్పు ఎక్కువ వేసుకుని రోజుకు రెండు గ్లాసులు తాగితే తలనొప్పి, పిక్కల పట్టు చాలావరకు రావు. ఆ జబ్బులు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఉప్పు పెంచొద్దు. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మే ప్యాకెట్లలో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకి అది మంచిది కాదు. కొబ్బరినీళ్లకీ ఇదే జాగ్రత్త, పైగా అందులో చక్కెర కూడా ఉంటుంది.

ఈ రెండు వారాల్లో కొండ ఎక్కొద్దు

పండగ అయ్యాక, రథసప్తమి వస్తుందనగా మొక్కులు గుర్తొస్తాయి. తిన్నది కరుగుతుంది, మొక్కూ తీరుతుంది అని అలిపిరి దారి పట్టేవాళ్లు ఉంటారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388. నిల్వ ఉన్న గ్లైకోజెన్ ఖాళీ అయి, నీరు, ఉప్పు పోయి ఉన్న ఒంటితో మోకాళ్ల పర్వతం దాకా వెళ్లేసరికి కాళ్లు ఒణుకుతాయి. షుగర్ మాత్రలు వేసుకున్నవాళ్లకైతే అక్కడే లో షుగర్ రావచ్చు. రెండు వారాలు ఆగండి, స్వామి ఎక్కడికీ పోడు. తప్పదనుకుంటే ఆ రోజుకి లో కార్బ్ పక్కన పెట్టి, మామూలుగా టిఫిన్ తిని, గ్లూకోజ్, నీళ్లు చేతిలో ఉంచుకుని, తోడు మనిషితో ఎక్కండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఈ రోజుల్లో ఘాట్ రోడ్డు మీద బండి నడపడం కూడా వద్దు.

గాల్ బ్లాడర్‌లో రాళ్లు ఉన్నవాళ్లు ఒక్కసారిగా నెయ్యి, కొబ్బరినూనె పెంచితే కుడి డొక్కలో నొప్పి మొదలుకావచ్చు. యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉన్నవాళ్లకి కీటోలోకి దిగే మొదటి వారాల్లో అది ఇంకా పెరుగుతుంది, కనుమ మాంసం దానికి తోడు. ఇలాంటివాళ్లు నెమ్మదిగా దిగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఇది మొదలుపెట్టకూడదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచొద్దు, మందు పనితీరు మారిపోతుంది. పిల్లల కంచంలో అన్నం తగ్గించే పని అసలే వద్దు.

తిరుపతిలో ఉండేవాళ్లకి పండగతో పాటు ఇంకో చిక్కు కూడా ఉంది. ఏడాది పొడుగునా చుట్టాలు వస్తూనే ఉంటారు, కొండ దిగి వచ్చి చేతిలో లడ్డూ పెడుతూనే ఉంటారు. మామూలు లడ్డూనే దాదాపు 175 గ్రాములు. ప్రసాదం కాదనలేం, కాదనక్కర్లేదు కూడా. కళ్లకద్దుకుని చిటికెడు తిని, మిగతాది అప్పుడే పొట్లాలు కట్టి పక్కింటికి, ఆఫీసుకి పంపేయండి. ఫ్రిజ్‌లో పెట్టారంటే రాత్రి పదకొండు గంటలకు అది గుర్తొస్తుంది. "ఒకటి తినమ్మా, పండగకి కూడా వద్దంటే ఎట్లా" అనే అత్తమ్మతో వాదన పెట్టుకోకండి. డాక్టర్ ఈ రెండు వారాలు వద్దన్నారని చెప్పండి, పెద్దవాళ్లు ఆ మాటకు ఊరుకుంటారు.

పరీక్షలకు కూడా తొందర వద్దు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష రెండు, మూడు నెలల షుగర్ సగటు చెబుతుంది, పండగ మర్నాడు చేయించి బాధపడి లాభం లేదు. ఉగాది తర్వాత చేయించుకుంటే మళ్లీ దారిలో పడ్డారో లేదో తెలుస్తుంది. గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష రాసి ఉంటే, లో కార్బ్‌లో ఉన్నామని ముందే చెప్పండి. దానికి ముందు మూడు రోజులు రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థాలు తినకపోతే, షుగర్ లేనివాళ్లకి కూడా ఉన్నట్టు రావచ్చు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు ఎప్పుడు చేయించుకోవాలో డోసు గురించి ఫోన్ చేసినప్పుడే అడిగి రాసుకోండి.