ఇంట్లోనే ముందు చక్రాల అలైన్‌మెంట్, 3వ పాఠం: తూకం గుండుతో టో కొలవడం

పోయిన పాఠంలో టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి పోయే కడ్డీ) ఎండ్లు, బాల్ జాయింట్లు, వీల్ బేరింగుల్లో ఆట ఉందేమో చూసుకోమన్నాను కదా. ఆట కనబడినవాళ్ళు ముందు ఆ పార్టు మార్పించుకుని రండి. వదులుగా ఉన్నదాన్ని ఎంత జాగ్రత్తగా కొలిచినా, రోడ్డు మీద మొదటి గుంతలోనే ఆ కొలత మారిపోతుంది.

ఈరోజు టో ఒక్కటే. పైనుంచి చూసినప్పుడు ముందు చక్రాల ముందు అంచులు దగ్గరికి వచ్చి ఉంటే టో ఇన్, దూరం జరిగి ఉంటే టో అవుట్. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వాలు) జోలికి మనం పోవద్దు, చాలా చిన్న కార్లలో వాటిని మార్చుకునే వీలు కంపెనీవాళ్ళే ఇవ్వరు.

కొలిచే ముందు టైరు మీద అడ్డంగా చెయ్యి పెట్టి నిమరండి (తీగ బయటపడిన టైరైతే వద్దు, చెయ్యి కోసుకుపోతుంది). బయటి అంచు నుంచి లోపలికి పోయేటప్పుడు నున్నగా జారి, తిరిగి వచ్చేటప్పుడు రబ్బరు అంచులు వేళ్ళకు గరగరా తగులుతుంటే టో ఇన్ ఎక్కువైందని అర్థం. దానికి తలకిందులుగా ఉంటే టో అవుట్. కొలత ఎటు వస్తుందో చెయ్యి ముందే చెప్పేస్తుంది.

ఇక నేల. మన కడపలో ఆ బాధ తక్కువ, నాపబండలు పరిచిన వాకిలో పోర్టికోనో చాలా ఇళ్ళకు ఉంటుంది. అయినా చూడటానికి చదునుగా ఉందని వదిలెయ్యకుండా, మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబుతో నాలుగు చక్రాల దగ్గరా మట్టం చూసుకోండి. పల్లం ఉన్నచోట పలుచని బండముక్క వేస్తే సరి. గాలి మాత్రం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, జాకీతో ఒక ముందు చక్రం లేపండి. టైరు నడిమి పట్టీకి సుద్ద రుద్దండి. ఒక చెక్కదిమ్మకు మేకు కొట్టి, దాని మొన టైరుకు ఆనేలా పెట్టి, దిమ్మ కదలకుండా గట్టిగా అదిమి చక్రాన్ని ఒక చుట్టు తిప్పండి. టైరు చుట్టూ సన్నని గీత పడుతుంది, మొదలూ చివరా కలవాలి. కలవకపోతే దిమ్మ కదిలినట్టే, తుడిచేసి మళ్ళీ గీయండి. రెండో చక్రానికీ అంతే.

ఇప్పుడు చెప్పేదే అసలు సంగతి, చాలామంది ఇక్కడే తొందరపడతారు. జాకీ దించగానే కొలవకూడదు, ఎందుకంటే బండి దిగేటప్పుడు టైర్లు నేలను పట్టుకుని సస్పెన్షన్‌ను దాని సహజమైన చోటికి రానివ్వవు. స్టీరింగ్ నేరుగా పెట్టి, బానెట్ నాలుగైదుసార్లు కిందికి అదిమి, బండిని ఓ మూడు మీటర్లు ముందుకు తొయ్యండి. ముందుకే. వెనక్కి వచ్చిందంటే మళ్ళీ తోసుకోవాల్సిందే.

చక్రం ఇరుసు ఎత్తులో టైరు ముందు భాగం మీదున్న గీత దగ్గర తూకం గుండు దారం ఆనించి వదలండి. టైరు అక్కడే అన్నిటికంటే ముందుకు ఉంటుంది గనక గుండు దేనికీ తగలకుండా నేల దాకా దిగుతుంది. అది ఊగడం ఆగాక దాని మొన కింద బండ మీద పెన్సిలుతో చుక్క పెట్టండి. టైరు వెనకా అంతే, రెండో చక్రానికీ అంతే. నాలుగు చుక్కలయ్యాక బండిని పక్కకు తీసేసి, తీరిగ్గా కూర్చుని టేపుతో ముందు రెండు చుక్కల దూరం, వెనక రెండు చుక్కల దూరం కొలవండి. ముందు 1,402, వెనక 1,405 వస్తే టో ఇన్ 3 మిల్లీమీటర్లు. ఎంత ఉండాలన్నది మీ కారు మాన్యువల్ చూసే తేల్చుకోండి, పక్కింటి కారు లెక్క మీకు పనికిరాదు.

మాన్యువల్ లెక్కకూ మీ కొలతకూ ఉన్న తేడాను రెండు టై రాడ్లకూ సగం సగం పంచాలి, లేకపోతే స్టీరింగ్ వంకర పోతుంది. లాక్ నట్ వదులు చేసి, రబ్బరు బూటు మెలిపడకుండా దాని క్లిప్పు తీసి, రాడ్ మీద పెయింటు చుక్క పెట్టుకుని తిప్పండి. మర పిచ్ (ఒక చుట్టుకు మర జరిగే దూరం) 1.5 మిల్లీమీటర్లయితే, చుట్టులో ఆరో వంతు తిప్పితే రాడ్ పావు మిల్లీమీటరే కదులుతుంది, కానీ టో కొలత దగ్గరికొచ్చేసరికి అది దాదాపు 1 మిల్లీమీటరు అవుతుంది. స్టీరింగ్ ర్యాక్ (టై రాడ్లను అటూ ఇటూ జరిపే అడ్డ కడ్డీ) ఇరుసుకు వెనక ఉన్న కార్లలో రాడ్ పొడవు పెరిగితే టో ఇన్ పెరుగుతుంది, ముందున్న కార్లలో తగ్గుతుంది. లాక్ నట్ బిగించాక బండిని మళ్ళీ ముందుకు తోసి మళ్ళీ కొలవాలి. రాడ్ తిప్పిన ప్రతిసారీ ఇంతే.

వచ్చే పాఠంలో రోడ్డు మీద పరీక్ష. అంతవరకూ గువ్వలచెరువు ఘాటు వైపు పోకండి, ఊళ్ళోనే నెమ్మదిగా తిప్పండి, సాయంత్రం లాక్ నట్లు మరోసారి స్పానరుతో బిగించి చూడండి. రోడ్డు ఎడమ అంచు వైపు కాస్త వాలుగా ఉంటుంది కాబట్టి బండి కొంచెం ఎడమకు లాగినంత మాత్రాన రాడ్ మళ్ళీ తిప్పొద్దు.