నాబ్ కాస్త తిప్పితే ఇల్లు దద్దరిల్లింది

హనుమకొండలో మా ఇంట్లో నాన్న కొన్న పాత ఆంప్లిఫయర్ ఇంకా బాగానే పాడుతుంది. పోయిన నెల దానికి స్ట్రీమర్ (ఇంటర్నెట్ నుంచి పాటలు అందించే పెట్టె) తగిలించాను. వాల్యూమ్ నాబ్, గడియారంలో 9 గంటలుండే చోటికి రాకముందే గోడలు అదిరాయి, పైగా డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా గరగర. స్పీకర్ కోన్ చిరిగిందేమోనని టెన్షన్ పడి ముందు వైర్లు మార్చాను. దండగ ఖర్చు.

అసలు సంగతి ఆంప్ మాన్యువల్ చివరి పేజీలో దొరికింది. దాని ఆక్స్ ఇన్‌పుట్‌కి, అంటే బయటి పరికరాలు తగిలించే సాకెట్‌కి, 150 మిల్లీవోల్టులు చాలు. స్ట్రీమర్ ఫిక్స్‌డ్ ఔట్‌పుట్‌లో, అంటే లెవెల్ తగ్గించకుండా, 2 వోల్టుల దాకా పంపుతోంది, అంటే 13 రెట్లు! పాపం, అది అరవక ఏం చేస్తుంది?

స్ట్రీమర్ యాప్‌లో ఔట్‌పుట్‌ని వేరియబుల్‌కి (లెవెల్ మార్చుకునే పద్ధతికి) మార్చి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర పెట్టాను. ప్రతి 6 డెసిబెల్స్‌కి వోల్టేజీ దాదాపు సగమవుతుంది కాబట్టి ఇప్పుడు వచ్చేది అర వోల్టే. 24 బిట్ ఔట్‌పుట్, అంటే శబ్దాన్ని చాలా సూక్ష్మంగా కొలిచే డిజిటల్ పద్ధతి కనుక ఈ మాత్రం తగ్గిస్తే నాణ్యతలో తేడా నా చెవికి తెలియలేదు. గరగర పోయింది, నాబ్ హాయిగా 11 దాకా తిరుగుతోంది.

ఒక్క చిక్కు మిగిలింది. కరెంటు పోయి వస్తే లెవెల్ మళ్లీ ఫుల్‌కి ఎక్కుతోంది. అదే యాప్‌లో మ్యాగ్జిమమ్ లిమిట్ కూడా పెట్టేశాను.