పిల్ల పెద్దదవుతోంది – 3వ పాఠం: మరక కనిపించిన రోజు

కిందటి పాఠంలో ఇచ్చిన పని చేశారా? చెయ్యకపోతే ముందు అది కానిచ్చి రండి, పావుగంట కూడా పట్టదు. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్లు తయారవుతాయి కదా, అవి అరగ్లాసు చేసుకోండి. ఒక ప్యాడ్ విప్పి పీట మీద పరవండి. దగ్గుమందు సీసాతో వచ్చే అయిదు మిల్లీలీటర్ల కొలత మూత పిల్ల చేతికిచ్చి పోయమనండి. మొదటి మూతకి మధ్యలో చిన్న మరక. రెండోదానికి అది ముందుకీ వెనక్కీ పాకుతుంది. మూడోది పోశాక అంచు ఎక్కడ తడిసిందో వేలితో తడిమి చూడనివ్వండి. ఒక నెలసరిలో మొత్తం పోయే రక్తం సుమారు 30 నుంచి 40 మిల్లీలీటర్లు. అంటే ఆరు నుంచి ఎనిమిది మూతలు, అదీ నాలుగైదు రోజుల్లో. తన చేత్తో కొలిచి చూసిన పిల్లకి ‘ఒంట్లో రక్తమంతా కారిపోతోంది’ అన్న భయం పట్టుకోదు.

ఇక ఈ పాఠం, మొదటి నెలసరి వచ్చే రోజు గురించి. మీరు పక్కన లేకపోయినా పిల్ల తన పని తను చేసుకోగలగాలి, ఇదొక్కటే మనం నేర్పాల్సింది. ఇచ్ఛాపురం నుంచి శృంగవరపుకోట దాకా చూడండి, ఎన్ని ఇళ్లలో అమ్మానాన్నలు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనిలో ఉంటే పిల్ల మామ్మ దగ్గరో కస్తూర్బా బడి హాస్టల్లోనో పెరుగుతోందో! ఊళ్లోనే ఉన్న అమ్మ కూడా పొద్దున్నే ఉపాధి పనికో జీడిపప్పు బట్టీకో వెళ్లిపోతుంది. మరక మాత్రం అమ్మ ఇంటికొచ్చేదాకా ఆగదు.

మొదటిసారి ఎర్రగానే కనిపిస్తుందని లేదు. గోధుమరంగులో, ఒక్కోసారి నల్లగా, బెల్లం పాకం మరకలా ఉంటుంది. ఎక్కడో మట్టిలో కూర్చున్నాననుకుని లంగా ఉతికేసి ఊరుకునే పిల్లలున్నారు. అందుకని రంగు సంగతి ముందే చెప్పి ఉంచండి.

ఆ కబురు మీ చెవిన పడ్డప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట చాలా ముఖ్యం. ‘ఓలమ్మో, అప్పుడేనా!’ అని గుండెల మీద చెయ్యి వేసుకుంటే పిల్ల అదే పట్టుకుంటుంది. ఇలా సాగితే బాగుంటుంది:

‘అమ్మా, నాకేటో అయిపోనాది.’

‘ఏటీ అవలేదు తల్లీ. మొన్న ఎర్రనీళ్లు పోసి చూసినావు కదా, అదే వచ్చింది. కడుపులో నొప్పేటైనా ఉందా? రా, ముందు బట్టలు మార్చుకుందువు గాని.’

అంతే. ఇక ఇవాళే జీవశాస్త్రమంతా చెప్పక్కర్లేదు. పక్కింటి పిన్నిని కేకెయ్యక్కర్లేదు, బంధువులందరికీ ఫోన్లూ చెయ్యక్కర్లేదు. ఎవరెవరికి చెప్పాలో పిల్లనే అడగండి. నాన్నకి మాత్రం తెలియాలి. రేపు మందుల షాపుకి వెళ్లి ప్యాడ్లు తేవలసింది ఆయనే కావచ్చు. నల్ల కవర్లో చుట్టించుకోకుండా తెస్తే అదే పిల్లకి ఓ పాఠం.

ప్యాడ్ పెట్టుకోవడం మీరు ఒక్కసారి చూపిస్తే చాలు. ఉతికిన డ్రాయరు ఒకటి తీసుకుని, వెనక కాగితం ఊడదీసి, మధ్యలో అంటించి, రెక్కలు కిందికి మడిచి చూపించండి. తర్వాత అది పీకేసి, ఇంకోటి ఆమెకిచ్చి మీరు బయటికి వచ్చెయ్యండి. వంకరగా పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, మరక పడ్డాక తనే సర్దుకుంటుంది. తలుపు దగ్గర నిలబడి ‘అయ్యిందా, అయ్యిందా’ అని అడిగే అమ్మలకి ఒక్క మాట: కాసేపు వంటింట్లోకి వెళ్లండి.

నిండినా నిండకపోయినా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి ప్యాడ్ మార్చాలి. మార్చే ముందు, మార్చాక చేతులు కడుక్కోవాలి. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కే, మామూలు నీళ్లతో, లోపల సబ్బు పెట్టకుండా. వాడింది కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వెయ్యాలి తప్ప మరుగుదొడ్లోనో చెరువులోనో కాదు.

బట్ట వాడే ఇళ్లూ చాలానే ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు. అయితే అది నూలుబట్ట అయ్యుండాలి. పాలిస్టర్ చీర ముక్క ఎన్ని మడతలు వేసినా తడి పీల్చదు. పొందూరు ఉన్న జిల్లాలో నూలు సంగతి నేను చెప్పాలా! ఉతికే వరుస మాత్రం చూపించి నేర్పండి: ముందు చన్నీళ్లలో నానబెట్టి రక్తం వదలగొట్టాలి, తర్వాత సబ్బు. మొదటే వేణ్నీళ్లు పోస్తే మరక బిగుసుకుపోతుంది. ఆరబెట్టేది ఎండలో, నేరుగా. మన ఇళ్లలో అసలు తంటా ఇక్కడే. ఎవరి కంటా పడకూడదని దాన్ని లంగా కింద దాచి ఆరేస్తారు, అది ఆరదు, ఆ చెమ్మ బట్టే మళ్లీ పెట్టుకుంటారు, దురదలూ ఒరుపులూ పట్టుకుంటాయి. కార్తీకంలో వాయుగుండం పట్టి నాలుగు రోజులు ఎండ మొహం కనబడకపోతే, ఆరీ ఆరని బట్ట వాడకుండా ఆ నెలకి ప్యాడ్లు కొనండి. జన్ ఔషధి దుకాణాల్లో ‘సువిధ’ ప్యాడ్లు 2019 నుంచి ఒక్కోటి రూపాయికే అమ్ముతున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకి నెలకి పది ప్యాడ్లు ఇచ్చే ‘స్వేచ్ఛ’ పథకం 2021 అక్టోబర్‌లో మొదలైంది. మీ పిల్ల బడిలో ఇప్పుడు ఎలా ఇస్తున్నారో టీచరమ్మని అడగండి.

దూరాన ఉన్న అమ్మలకి ప్రత్యేకంగా. ఊళ్లో మీకు బదులు ఒక మనిషిని ఇప్పుడే అనుకోండి: పిన్నో, అంగన్‌వాడీ టీచరో, ఆశా కార్యకర్తో. ఆ మనిషి ముందే, ఫోన్ స్పీకర్లో పెట్టించి, పిల్లకి చెప్పండి: ‘నేను ఫోన్ ఎత్తకపోతే ఈమె దగ్గరికెళ్లు.’ హాస్టల్ పిల్లకయితే ట్రంకుపెట్టెలో ఒక గుడ్డ సంచీ: ఆరు ప్యాడ్లు, రెండు డ్రాయర్లు, సబ్బు, పాత పేపర్లు, చిన్న కేలండరు, పెన్ను. సంచీ పిల్ల చేతే సర్దించండి, మీరు సర్దితే ఏది ఎక్కడుందో ఆమెకి తెలీదు.

ఇక పెద్దవాళ్లు. మామ్మ తాటాకు చాప వేయించి, వేరే కంచం పెట్టించి, పిల్లని ఓ మూల కూర్చోబెట్టమంటుంది. అత్తగారితో ఆ రోజే యుద్ధానికి దిగితే మధ్యలో నలిగేది పిల్లే. వదులుకోగలిగినవి వదులుకోండి, వదలకూడనివి గట్టిగా పట్టుకోండి. చిమ్మిలి పెట్టనివ్వండి, నువ్వులూ బెల్లం మంచివే. పాటలు పాడితే పాడుకోనివ్వండి. కానీ రోజూ స్నానం ఆపకూడదు, పశువుల పాకలో పడుకోబెట్టకూడదు, బడి మాన్పించకూడదు. ‘పత్యం’ పేరుతో గుడ్డూ చేపా ఆపేస్తే ఒప్పుకోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత ఉంది. పిల్లకి ఇప్పుడు కావాల్సింది చోడి (రాగి) అంబలి, మునగాకు, తోటకూర, గుడ్డు, అన్నంలో నిమ్మకాయో ఉసిరికాయో. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర ఐరన్‌దే. అది అన్నం తిన్నాక వేసుకోవాలి. వెంటనే టీ తాగితే ఆ ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

ఫంక్షను సంగతి మీ ఇష్టం, మీ డబ్బు. నా మట్టుకు ఫ్లెక్సీ మీద పన్నెండేళ్ల పిల్ల ఫొటో వేసి సెంటర్లో కట్టడం నచ్చదు. చేస్తే మాత్రం ముందు పిల్లని అడగండి. వచ్చినవాళ్లలో ఎవరైనా సంబంధాల మాటెత్తితే ‘పద్దెనిమిది నిండాలని చట్టం ఉంది’ అని అక్కడే తెంపెయ్యండి.

లెక్క రాయడం నేర్పితే ఈ పాఠం పూర్తయినట్టే. మొదటి రోజు నుంచి మొదటి రోజుకి లెక్కపెట్టాలి, ఆగిన రోజు నుంచి కాదు. జూన్ 4న వచ్చి, మళ్లీ జూలై 10న వస్తే 36 రోజులు. కంగారేం లేదు. మొదటి రెండేళ్లూ 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలే. రెండు నుంచి ఏడు రోజులు ఉంటుంది. గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోతున్నా, ఏడు రోజులు దాటినా, కళ్లు తిరుగుతున్నా, మూడు నెలలు దాటినా రాకపోయినా డాక్టరుకి చూపించాలి. పదిహేనేళ్లు నిండినా అసలు మొదలవకపోతే అప్పుడూ చూపించాలి.

ఈ వారం అభ్యాసం: సంచీ సర్దించండి. పాత నూలుబట్ట ముక్క మీద బీట్‌రూట్ రసం పోసి, పిల్ల చేత చన్నీళ్లలో ఉతికించి, దండెం మీద అందరి బట్టల పక్కనే ఆరేయించండి.

నాలుగో పాఠం నొప్పి గురించి. మొదటి కొన్ని నెలలు చాలామంది పిల్లలకి పెద్దగా నొప్పి ఉండదు, అండం క్రమంగా విడుదలవడం మొదలయ్యాకే అది తెలుస్తుంది. ఈలోగా ఇంట్లో వేణ్నీళ్ల బ్యాగు ఉందేమో చూసుకోండి, ఉంటే మూత కారుతోందేమో కూడా.