జులు పిల్లల ఆటకు అండగా ఉండాలంటే

దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్‌లో, మ్సింగా కొండల మధ్య ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. శనివారం పొద్దున మా గ్రౌండ్‌లో పిల్లలు ఇంగోమా, అంటే పాటతో కలిసి జట్టుగా చేసే జులు నృత్యం, ప్రాక్టీస్ చేస్తారు. మీరూ ఉద్యోగం మీద ఇలాంటి పల్లెకు వచ్చి, వీళ్లకు ఏదైనా సాయం చేయాలనుకుంటే ముందు ఒక సంగతి ఒప్పుకోండి: ఆట మీ చేతిలోది కాదు. ఏ అడుగు ఎప్పుడు పడాలో, వరసలో ఎవరు ముందుండాలో చెప్పేది జట్టు నాయకుడు, ఇగోసో. వాడికి పద్నాలుగేళ్లే ఉండొచ్చు. అయినా సరే, "ఈ స్టెప్పు కాస్త మార్చు, వీడియోలో బాగుంటుంది" అనకండి. అనుమతులు, తిండి, చెప్పులు, బండి, డబ్బు: మన పనంతా అక్కడే.

ముందు ఊరి పెద్ద ఇందూనాను కలవండి. తర్వాత ఇళ్లకు వెళ్లండి. చాలా ఇళ్లలో తండ్రి జొహానెస్‌బర్గ్‌లోనో డర్బన్‌లోనో పనిలో ఉంటాడు; సరే అనాల్సింది గోగో, అంటే ఆ ఇంటి నాయనమ్మో అమ్మమ్మో. గేటు దగ్గర ఆగి పలకరించండి, రమ్మన్నాకే లోపలికి వెళ్లండి. ఏమిచ్చినా రెండు చేతులతో అందుకోండి.

స్కూల్లో ప్రభుత్వ భోజనం బడి ఉన్న రోజుల్లోనే. శనివారం చాలామంది ఏమీ తినకుండా వచ్చేస్తారు. ఇంద్లాము అనే జులు నృత్యంలో కాలు తల దాకా ఎత్తి నేలకేసి కొడతారు, ఖాళీ కడుపుతో అయితే కళ్లు తిరుగుతాయి. మొక్కజొన్న పిండితో చేసే ఫూటు, బీన్స్, తాగడానికి ఒక డ్రమ్ము నీళ్లు చాలు. బిస్కెట్ ప్యాకెట్లు పంచి ఫొటో దిగడం తేలికే, కానీ అరగంటకే మళ్లీ ఆకలేస్తుంది.

సిమెంటు నేల మీద ఆడనివ్వకండి. మట్టి నేలే మంచిది, ముందు రాళ్లూ గాజు పెంకులూ ఏరించండి. మోకాలి కింద ఎముక నొప్పి అన్నవాణ్ణి వరసలోంచి తప్పించమని ఇగోసోకు చెప్పండి. పక్కన నిలబడి పాడుతూ చప్పట్లు కొట్టేవాళ్లు ఎలాగూ కావాలి, చిన్నబుచ్చుకోడు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఉరుము వినబడగానే అందరినీ లోపలికి పంపేయండి. ఇక్కడ పిడుగులు ఎక్కువ.

ఇక సామాను. ఇజింబదాదా పాత కారు టైర్లు కోసి చేసే చెప్పులు. వేసుకునే ముందు అట్ట మీద వేలితో తడమండి, మేకు మొన పైకి వచ్చి ఉంటే అక్కడే కొట్టించండి. నడుము వెనక కట్టే దూడతోలు ఇబేషు, చేతులకూ కాళ్లకూ కట్టే ఆవుతోక కుచ్చులు అమాషోబా ఆట అయ్యేసరికి చెమటతో తడిసిపోతాయి. అలాగే ప్లాస్టిక్ కవర్లో కుక్కితే వారానికి కంపు కొడతాయి, పురుగు కూడా పడుతుంది. నీడలో తాడు మీద ఆరేయించండి. కొత్తవి కావాలంటే ఊళ్లో చేసేవాళ్లకే ఆర్డర్ ఇవ్వండి. పూసల పని గోగోలది. గట్టి దారం తెచ్చిపెట్టండి, కూలి కూడా ఇవ్వండి. మనవళ్లకే కదా అని ఊరికే చేయించుకోవడం నాకు నచ్చదు.

బయట ప్రోగ్రామ్ అంటే అసలు టెన్షన్ బండితోనే. ఇక్కడ టాక్సీ అంటే మినీబస్సు. రానూపోనూ ఎన్ని రాండ్లో ముందే మాట్లాడి కాగితం మీద రాయించుకోండి. గ్రేటౌన్ వైపు వెళ్లే ఆర్ 33 రోడ్డు మీద మేకలూ ఆవులూ అడ్డంగా తిరుగుతుంటాయి, చీకటి పడకముందే ఊరు చేరాలి. నిర్వాహకులు మిమ్మల్ని ఆఖరి ఐటమ్‌గా పెడతామంటే కుదరదని చెప్పేయండి. అమ్మాయిలకు బట్టలు మార్చుకునే గది అడగండి. ఇంటివాళ్లు ఒప్పుకోకుండా ఏ పిల్ల ఫొటో కూడా నెట్‌లో పెట్టకండి. డబ్బిచ్చి ఆడించుకునేవాళ్లు 15 ఏళ్లలోపు పిల్లలకు కార్మిక శాఖ పర్మిట్ తీసుకోవాలి, అది చూపించాకే బయల్దేరండి. వచ్చిన డబ్బు అందరి ముందూ లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయండి, ఇగోసో సంతకంతో.

క్రిస్మస్‌కు పట్నాల నుంచి మగవాళ్లు ఊరికి వస్తారు, జట్లు పోటీ పడి ఆడతాయి. పిల్లలకు అంతకు మించిన వర్క్‌షాప్ ఎవరూ పెట్టలేరు. ఆ రోజుల్లో మీ ప్రాక్టీస్ టైంటేబుల్ పక్కన పెట్టండి. నవంబర్‌లోనే ప్రిన్సిపాల్‌ను అడిగి గ్రౌండ్ తాళంచెవి ఇందూనాకు ఇప్పించండి. సెలవులు మొదలయ్యాక అడుగుదామంటే ఆఫీసులో ఎవరూ ఉండరు.