వినోద స్కూబా డైవర్ గట్టి శిక్షణను ఎంచుకోవడం ఎలా?

స్కూబా డైవింగ్‌లో మొదటి సర్టిఫికెట్ సంపాదించడం ఇప్పుడు పెద్ద కష్టమేమీ కాదు. మూడు నాలుగు రోజుల పాటు పాఠాలు చదివి, కొలనులో అభ్యాసాలు చేసి, బయటి నీటిలో నాలుగు డైవ్‌లు పూర్తిచేస్తే, తోటి డైవర్‌తో కలిసి 18 మీటర్ల లోతు వరకు దిగే అర్హత లభిస్తుంది. అయితే శిక్షణ పొందినప్పుడు ఎలాంటి పరిస్థితులున్నాయో అలాంటివాటిలో, లేదా అంతకంటే తేలికైనవాటిలో మాత్రమే డైవ్ చేయాలన్న షరతు దానికి ఉంటుంది. ప్రశాంతమైన, వెచ్చని, నిర్మలమైన నీటిలో, పక్కనే ఇన్‌స్ట్రక్టర్ ఉండగా నేర్చుకున్నవారికి ఈ షరతు ఎంత పరిమితిని విధిస్తుందో ఆలోచించి చూడండి. ఆ పరిమితిని దాటి నిజంగా సమర్థులైన డైవర్లు కావాలనుకునేవారు తరువాతి కోర్సును ఎలా ఎంచుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చాలామంది మొదట అడిగే ప్రశ్న ఏ సంస్థ మంచిదని. 1953లో మొదలైన బ్రిటిష్ సబ్-ఆక్వా క్లబ్, 1959లో ఏర్పడిన సీమాస్, 1966 నాటి పాడి, 1970 నాటి ఎస్‌ఎస్‌ఐ అన్నీ ప్రపంచమంతటా గుర్తింపు ఉన్నవే. స్వతంత్రంగా డైవ్ చేయగల వ్యక్తికి ఉండవలసిన కనీస సామర్థ్యాన్ని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్‌ఓ 24801 ప్రమాణంలోని రెండవ భాగం నిర్వచిస్తుంది. పెద్ద సంస్థల ప్రాథమిక కోర్సులు దాదాపుగా ఆ గీతకు సరిపోయేలా రూపొందినవే. అందువల్ల కార్డు మీద ఉన్న ముద్రను బట్టి డైవర్ సత్తాను అంచనా వేయలేం. ఒకే సంస్థ పేరుతో, ఒకే పాఠ్యపుస్తకంతో, ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు పూర్తిగా భిన్నమైన డైవర్లను తయారుచేయగలరు. కనుక సంస్థ కంటే ముందు కోర్సును, కోర్సు కంటే ముందు దాన్ని నేర్పే మనిషిని పరిశీలించాలి.

కోర్సు గట్టిదో కాదో తేల్చడానికి నా దృష్టిలో ఒక ప్రశ్న అన్నిటికంటే బాగా పనిచేస్తుంది: ఈ కోర్సులో విద్యార్థి తప్పడానికి అవకాశం ఉందా? డబ్బు కట్టిన ప్రతి ఒక్కరికీ చివరి రోజున కార్డు అందుతుందంటే, అక్కడ కొలమానం లేదని అర్థం. మంచి కోర్సులో ఉత్తీర్ణతకు కావలసినదేమిటో ముందుగానే రాసి ఉంటుంది: ఏ నైపుణ్యాన్ని ఏ లోతులో, ఎంత తేడా మించకుండా, శరీరాన్ని ఏ భంగిమలో ఉంచి చేయాలో అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కాగితాన్ని ముందే అడిగి చదవండి. చూపించడానికి వెనకాడే చోట చేరవలసిన అవసరం లేదు.

ఇక అసలు నైపుణ్యానికి వస్తే, అన్నిటికీ మూలం బాయన్సీ. నీటిలో పైకి తేలకుండా, కిందికి మునగకుండా, ఉన్నచోట నిలకడగా ఉండగలగడమే బాయన్సీ నియంత్రణ. శరీరాన్ని నీటి అడుగుకు సమాంతరంగా ఉంచడాన్ని ట్రిమ్ అంటారు. ఎన్నో కోర్సుల్లో విద్యార్థులు ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని మాస్క్‌లోకి నీరు రానిచ్చి తీసేస్తారు, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌ను వదిలి వెతికి పట్టుకుంటారు. నేల ఆధారంగా ఉన్నంతసేపు ఇది సులువే. నిజమైన డైవ్‌లో మోకాళ్ల కింద నేల ఉండదు.

అదే పనిని ఆరు మీటర్ల లోతులో, అడుగు కనిపించని నీటిలో, కదలకుండా తేలుతూ చేయడాన్ని ఊహించుకోండి. మాస్క్ తీయగానే చల్లని నీరు ముక్కుకు తగిలి, మనిషికి అప్రయత్నంగా ఊపిరి బలంగా లోపలికి వెళుతుంది. ఊపిరితిత్తులు నిండిన మరుక్షణం శరీరం పైకి లేవడం మొదలవుతుంది. లేచేకొద్దీ బీసీడీలోని, అంటే తేలడాన్ని సర్దుకునేందుకు గాలి నింపే జాకెట్‌లోని గాలి వ్యాకోచించి ఆ వేగాన్ని ఇంకా పెంచుతుంది. కళ్లకు ఏమీ స్పష్టంగా కనిపించదు కాబట్టి గేజ్ చదవలేరు. పైకి పోతున్నామన్న సంగతిని చెవుల్లోని ఒత్తిడి మార్పు, తోటి డైవర్ చేతి స్పర్శ మాత్రమే చెబుతాయి. ఈ పరిస్థితిలో నెమ్మదిగా, పూర్తిగా ఊపిరి వదిలి, లోతు మారకుండా మాస్క్ తిరిగి పెట్టుకుని, నీరు తీసేసి, బడ్డీకి, అంటే తోటి డైవర్‌కు సంకేతం ఇవ్వగలిగిన డైవరే ఆ నైపుణ్యాన్ని నేర్చుకున్నట్టు లెక్క. మీరు చేరబోయే కోర్సులో అభ్యాసాలన్నీ తేలుతూ చేయిస్తారా, మోకాళ్ల మీద చేయిస్తారా అని అడిగితే, శిక్షణ ప్రమాణం గురించి సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

మిగిలిన సగం గ్యాస్ లెక్కలో ఉంది. సిలిండర్‌లో 50 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలమానం) మిగిలేలా పైకి రావాలన్న సూత్రాన్ని చాలామంది బట్టీపట్టి వదిలేస్తారు. దాన్ని ఒకసారి లెక్కకట్టి చూద్దాం. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ వద్ద సుమారు 2,400 లీటర్ల గాలి ఉంటుంది. 30 మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం మీద కంటే నాలుగు రెట్లు కనుక, ఖర్చు కూడా నాలుగు రెట్లు. అక్కడ మీ బడ్డీకి గాలి అయిపోయిందనుకుందాం. ఇద్దరూ మీ సిలిండర్ నుంచే పీల్చాలి. మనిషికి నిమిషానికి 20 లీటర్ల చొప్పున, అడుగున సర్దుకోవడానికి ఒక నిమిషానికి 160 లీటర్లు, నిమిషానికి పది మీటర్ల వేగంతో మూడు నిమిషాల ఆరోహణకు 300 లీటర్లు, ఉపరితలానికి చేరేముందు ఐదు మీటర్ల వద్ద మూడు నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్‌కు 180 లీటర్లు, మొత్తం 640 లీటర్లు, అంటే సుమారు 53 బార్ అవుతుంది. భయంలో ఉన్న మనిషి ప్రశాంతంగా ఉన్నప్పటిలా పీల్చడు. నిమిషానికి 30 లీటర్లని వేసుకుంటే అదే ఆరోహణకు 80 బార్ కావాలి. అందువల్ల ఈ సిలిండర్‌తో 30 మీటర్ల డైవ్‌లో గేజ్ 80 బార్ చూపేసరికే అడుగు విడిచి బయలుదేరి ఉండాలి. ఈ లెక్కను ప్రతి విద్యార్థి చేత సొంతంగా, వారి సిలిండర్ పరిమాణానికి, వారి పీల్చే వేగానికి కట్టించే ఇన్‌స్ట్రక్టర్ దొరికితే వదులుకోకండి. డైవ్ కంప్యూటర్ ఉంది కదా అని దాటవేసే చోట మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

నియమం వెనుక కారణాన్ని వివరించగలగడం కూడా గట్టి శిక్షణకు గుర్తే. 1970లలో అమెరికాలోని ఫ్లోరిడా గుహల్లో జరిగిన మరణాలను గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ ఒక్కొక్కటిగా పరిశీలించి, వాటిలో మళ్లీ మళ్లీ కనిపించిన కారణాలను వెలికితీశారు: బయటి వరకు తెగని మార్గదర్శక తాడు లేకపోవడం, తిరుగు ప్రయాణానికి మూడింట రెండు వంతుల గ్యాస్ మిగుల్చుకోకపోవడం, మితిమీరిన లోతుకు వెళ్లడం. గుహ డైవింగ్ నియమాలు ఆ మరణాల నుంచి పుట్టాయి. ఆ ప్రాంతపు గుహ అన్వేషకుల సంప్రదాయంలోంచే జారడ్ జబ్లాన్‌స్కీ 1998లో గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్, అంటే జీయూఈ సంస్థను స్థాపించారు. గుహల్లోకి ఎన్నడూ వెళ్లనివారికి కూడా ఈ క్రమశిక్షణ ఉపయోగపడుతుంది.

జీయూఈ వారి ఫండమెంటల్స్ కోర్సును గట్టి శిక్షణ కోరేవారికి ముందుగా సూచిస్తాను. అందులో పొగతాగేవారిని చేర్చుకోరు. ఈత పరీక్ష ఉంటుంది. ప్రతి డైవ్‌ను వీడియో తీసి, సాయంత్రం అందరూ కలిసి చూస్తారు. నిలకడగా ఉన్నామని తాము నమ్మిన క్షణంలో తమ కాళ్లు ఎలా కిందికి జారాయో తెర మీద చూసుకోవడం అభిమానానికి కొంత కష్టమే అయినా, దిద్దుబాటు అక్కడే మొదలవుతుంది. ఫలితం ఉత్తీర్ణత కావచ్చు, తాత్కాలిక ఫలితం కావచ్చు, తప్పడం కూడా కావచ్చు. తాత్కాలిక ఫలితం వచ్చినవారు అభ్యాసం చేసి తిరిగి వచ్చి పూర్తిచేస్తారు. దాన్ని అవమానంగా భావించనక్కరలేదు. ఆ కార్డుకు మూడేళ్ల గడువు ఉండటం కూడా నాకు న్యాయంగానే తోస్తుంది, ఎందుకంటే డైవ్ చేయనివారి నైపుణ్యం నిలవదు.

ఈ కోర్సు అందుబాటులో లేనివారు నిరాశపడవలసిన పని లేదు. బ్రిటిష్ సబ్-ఆక్వా క్లబ్ పద్ధతిలో ఓషన్ డైవర్‌కు 20 మీటర్లు, స్పోర్ట్స్ డైవర్‌కు 35 మీటర్లు చొప్పున మెట్లు ఉంటాయి. క్లబ్‌లో స్వచ్ఛందంగా నేర్పే ఇన్‌స్ట్రక్టర్లతో నెలల తరబడి డైవ్ చేస్తూ ఎదగడం దాని బలం. సాధారణ సంస్థల్లోనూ ఎంతో నిష్ఠగా నేర్పేవారు ఉన్నారు. వారిని వెతికి పట్టుకోవడమే మీ పని.

అందుకోసం ఇన్‌స్ట్రక్టర్‌తో చేరకముందే మాట్లాడండి. వీలైతే వారి తరగతిని గట్టు మీద నుంచి చూడండి. ఒక్కసారి ఎంతమందిని నీటిలోకి తీసుకువెళతారు? ప్రమాణాలు ఎనిమిది మందిని అనుమతించినా, నలుగురిని మించనివారే నయం. నేర్పడం కాకుండా, తమ కోసం తాము డైవ్ చేస్తారా? ఎవరికైనా సర్టిఫికెట్ నిరాకరించారా, అప్పుడు ఆ విద్యార్థికి తరువాత ఏ సాయం చేశారు? కోర్సు రోజుల్లో నాకు పట్టు రాకపోతే ఏం చేస్తారు? ఈ ప్రశ్నలకు ఓపికగా, వివరంగా జవాబు చెప్పేవారు సాధారణంగా నీటిలోనూ ఓపికగానే ఉంటారు. వారు తేలుతూ ప్రదర్శన చేసేటప్పుడు చేతులు ఆడిస్తున్నారో లేదో గమనించండి. చేతులు నిశ్చలంగా ఉండి, కాళ్లకు తొడిగే ఫిన్లతో వెనక్కి కూడా కదలగలిగినవారి దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంటుంది.

కోర్సుల వరుస విషయంలో నా సలహా చాలాచోట్ల అమ్మే వరుసకు భిన్నం. అడ్వాన్స్‌డ్ అనే పేరుతో వచ్చే కోర్సులో సాధారణంగా ఐదు వేర్వేరు డైవ్‌లు ఉంటాయి, అది ముగిస్తే 30 మీటర్ల వరకు అర్హత వస్తుంది. కానీ ఐదు రుచులు చూడటం వల్ల ఏ ఒక్కటీ చేతికి వచ్చినట్టు కాదు. మొదట బాయన్సీ, ట్రిమ్, ఫిన్ల కదలికలు, గ్యాస్ పంచుకోవడం, డైవర్లున్న చోటును పైవారికి తెలిపే ఉపరితల గుర్తు బెలూన్‌ను అడుగు నుంచి విడవడం మీద దృష్టి పెట్టే కోర్సు చేయండి. దాని తరువాత రెస్క్యూ డైవర్ కోర్సు. వినోద డైవింగ్‌లో డైవర్ తన గురించి ఆలోచించడం ఆపి బడ్డీ గురించి ఆలోచించడం నేర్చుకునేది అక్కడే. ఆ వెనుక నైట్రాక్స్, అంటే మామూలు గాలి కంటే ఆక్సిజన్ ఎక్కువున్న మిశ్రమంతో డైవ్ చేసే కోర్సు. లోతు చివరన రావాలి. లోతులో ఒత్తిడి వల్ల పీల్చే నైట్రోజన్ కలిగించే మత్తు 30 మీటర్ల ప్రాంతంలో చాలామందిలో తెలియవస్తుంది. అప్పటికి మాస్క్, గ్యాస్, బడ్డీ విషయాలు ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి చేరి ఉండాలి.

పరికరాలను కోర్సుకు ముందు కొనకండి. ఏ అమరిక ఎందుకో నేర్చుకున్న తరువాత కొన్నవి మళ్లీ మార్చవలసిన అవసరం తక్కువ. డైవింగ్ ఆరోగ్య ప్రశ్నావళిని మాత్రం నిజాయితీగా నింపి, ఏ ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా డాక్టరును కలిసిన తరువాతే చేరండి.

కోర్సు ముగిసినవారు ఇన్‌స్ట్రక్టర్ లేకుండా, అదే స్థాయి బడ్డీతో, తెలిసిన తేలిక నీటిలో డైవ్‌లు చేస్తూ, ప్రతి డైవ్ చివర సేఫ్టీ స్టాప్‌కు ముందు ఒక అభ్యాసాన్ని పెట్టుకోవాలి: ఒకనాడు మాస్క్, ఒకనాడు గ్యాస్ పంచుకోవడం, ఒకనాడు బెలూన్. బెలూన్ విడుస్తున్నంతసేపు ఇద్దరి లోతు ఒక మీటరుకు మించి మారకుండా, తాడు ఎవరికీ చుట్టుకోకుండా వరుసగా జరుగుతున్నప్పుడు తరువాతి కోర్సుకు పేరు ఇవ్వవచ్చు.