నైట్రోఫినాల్ క్షయకరణ ప్రయోగాలు: బోరోహైడ్రైడ్ సీసాకు మూత బిగించవద్దు

ఎమ్మెస్సీ ప్రాజెక్టుల కాలం మొదలైంది. వెండి, బంగారం, పల్లాడియం నానో కణాలను ఉత్ప్రేరకంగా వాడి నీటిలోని 4-నైట్రోఫినాల్‌ను 4-అమైనోఫినాల్‌గా మార్చే ప్రయోగం సులువని చాలామంది దాన్నే ఎంచుకుంటారు. ఇటీవల ఒక కళాశాలలో ఆ ప్రయోగం ముగిసిన రాత్రి వ్యర్థాల సీసా పగిలి గాజు పెంకులు బల్లల మీదంతా పడ్డాయి. గదిలో ఎవరూ లేరు కనుక సరిపోయింది. కళ్లద్దాలు, చేతి తొడుగుల సంగతి అందరికీ తెలిసిందే, ఇక్కడ చెప్పను.

ఆ సీసాను పగలగొట్టింది నైట్రోఫినాల్ కాదు, దాన్ని మార్చడానికి క్షయకరణిగా కలిపే సోడియం బోరోహైడ్రైడ్. చర్య వేగాన్ని లెక్కగట్టడం తేలిక కావాలని దాన్ని నైట్రోఫినాల్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వేస్తారు. 400 నానోమీటర్ల వద్ద కాంతి శోషణ శిఖరం పడిపోయి పసుపు రంగు పోగానే విద్యార్థి పని అయిపోయిందనుకుంటాడు. అయిపోయింది నైట్రోఫినాల్ మాత్రమే. బోరోహైడ్రైడ్ చాలావరకు మిగిలే ఉంటుంది, పైగా నైట్రోఫినాల్‌ను మార్చిన ఆ లోహ కణాలే దానికీ నీటికీ మధ్య చర్యను వేగవంతం చేసి హైడ్రోజన్‌ను పుట్టిస్తాయి. 0.1 మోలార్ ద్రావణం 100 మిల్లీలీటర్లలో ఉండే బోరోహైడ్రైడ్ 0.38 గ్రాములే, కానీ అదంతా చర్య జరిపితే గది ఉష్ణోగ్రత వద్ద దాదాపు 1 లీటరు హైడ్రోజన్ వస్తుంది.

కాబట్టి రంగు పోయిందని మూత బిగించవద్దు. ఉత్ప్రేరకాన్ని తిరిగి రాబట్టడానికి సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పి కణాలను వేరుచేసే యంత్రంలో) పెట్టే గొట్టాలకు బిగించేది కూడా మూతే అన్నది చాలామందికి తోచదు. బుడగలు పూర్తిగా ఆగాకే ఆ గొట్టాలను లోపల పెట్టాలి.

మిగిలిన ద్రావణాన్ని ఫ్యూమ్ హుడ్‌లో (వాయువులను బయటికి లాగే గూటిలో), వెడల్పు బీకరులో, మంచు మీద ఉంచి, చల్లటి నీటితో పలుచన చేసి, సజల ఎసిటిక్ ఆమ్లాన్ని చుక్కలుగా కలపాలి. ఆమ్లం తగిలితే వాయువు ఒక్కసారిగా పొంగుతుంది కనుక తొందర పనికిరాదు. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే నిప్పు అంటుకుంటుంది, కాబట్టి దగ్గరలో బర్నర్ వెలగకూడదు. వడపోసిన పల్లాడియం-కార్బన్ పొడిని ఫిల్టర్ కాగితం మీద ఎండనివ్వవద్దు, అది తనంతట తానే రాజుకోగలదు. అమోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని నిల్వ ఉంచవద్దు. నిల్వలో పేలుడు స్వభావం గల వెండి సమ్మేళనాలు ఏర్పడతాయి. ఎండితే పేలగల పిక్రిక్ ఆమ్లం సీసా మూత చుట్టూ పసుపు పొడి ఎండి ఉంటే తాకవద్దు, తిప్పవద్దు, ప్రయోగశాల బాధ్యులను పిలవండి. నైట్రోఫినాల్ చర్మం గుండా రక్తంలోకి వెళ్తుంది. ఒలికితే వెంటనే కడగండి. గాజు సామాను కడిగే ఆక్వా రీజియాకు (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమానికి) కూడా మూత బిగించవద్దు, దాన్ని వ్యర్థాల సీసాలో పోయవద్దు. బోరోహైడ్రైడ్ వ్యర్థాలను ఆమ్ల వ్యర్థాలతో కలపవద్దు. రేపు చూద్దామని వదిలి వెళ్లవద్దు. రంగు పోయినా మూత బిగించవద్దు. మూత వదులుగా పెట్టిన సీసాను సైతం బీరువాలో ఉంచి తలుపు వేయవద్దు.