పాత కారుకు టైరు పీడన సెన్సార్లు మార్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

టైర్లలో గాలి ఎంత ఉందో కనిపెట్టే సెన్సారు పాడైతే దాన్ని మార్చడం పైకి చిన్న పనిలాగే కనిపిస్తుంది. కానీ ఆ సెన్సారు ఉండేది టైరు లోపల, వాల్వు అడుగున కాబట్టి, ఏ పొరపాటు జరిగినా దాన్ని సరిదిద్దడానికి టైరును మళ్లీ రిమ్ము నుంచి ఊడదీయవలసి వస్తుంది. అందుచేత టైరు రిమ్ము మీద ఉండగానే తేల్చుకోగలిగినవన్నీ ముందే తేల్చుకొని, ఊడదీసే పనిని చివరకు మిగుల్చుకోవడం మంచిది.

మొదట తేల్చుకోవలసినది ఆ కారులో అసలు సెన్సార్లు ఉన్నాయా లేవా అన్నది. కొన్ని కార్లలో చక్రం లోపల ఏమీ ఉండదు. గాలి తగ్గిన చక్రం మిగిలిన వాటికంటే కాస్త వేగంగా తిరుగుతుంది కనుక, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకుల కోసం ఉన్న వేగపు సెన్సార్ల ద్వారానే కారు ఆ తేడాను పసిగడుతుంది. అలాంటి కారుకు టైరు సెన్సార్లు కొనడం డబ్బు దండగ. బయటికి కనిపించే వాల్వును బట్టి నిర్ణయానికి రాకూడదు, ఎందుకంటే రబ్బరు కాడతో వచ్చే సెన్సార్లు కూడా ఉన్నాయి. యజమాని పుస్తకం చూడడమో, సెన్సారును తట్టిలేపి చదివే పరికరాన్ని వాల్వు దగ్గర పెట్టి చూడడమో సరైన దారి.

తరువాత డాష్‌బోర్డు మీది దీపం ఏం చెబుతోందో గమనించాలి. అమెరికా నిబంధనల ప్రకారం 2007 సెప్టెంబరు నుంచి తయారైన కొత్త కార్లన్నిటిలోనూ ఈ హెచ్చరిక ఏర్పాటు తప్పనిసరి అయింది. ఐరోపా సమాఖ్యలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ అదే నియమం వచ్చింది. అమెరికా నిబంధనకు లోబడిన కార్లలో, కంపెనీ సూచించిన పీడనం కంటే 25 శాతం తగ్గేసరికి దీపం వెలగాలి, అంటే 32 పీఎస్‌ఐ (గాలి పీడనపు కొలత) ఉండవలసిన టైరులో 24కు దిగేసరికి. దీపం నిలకడగా వెలిగితే గాలి తగ్గిందని అర్థం. కారు స్టార్టు చేసిన ప్రతిసారీ 60 నుంచి 90 సెకన్లు మినుకుమని, ఆ తరువాత వెలుగుతూ ఉండిపోతే లోపం ఆ వ్యవస్థలోనే ఉందని సాధారణంగా అర్థం. ఈ తేడా తెలియక, చలికాలపు ఉదయం వెలిగిన దీపాన్ని చూసి సెన్సార్లు కొనేవారున్నారు. వాతావరణం సుమారు ఐదున్నర డిగ్రీల సెల్సియస్ చల్లబడితే టైరులో దాదాపు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. కాబట్టి కారు కొన్ని గంటలు ఆగి టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గరి పట్టీ మీద రాసిన మేరకు గాలి నింపి చూశాకే సెన్సారు మీద అనుమానపడాలి.

సెన్సారులోని బ్యాటరీ సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు పనిచేస్తుంది. అది లోపలే మూసి ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా మార్చలేము. కారుతో వచ్చిన నాలుగు సెన్సార్లూ ఒకే వయసువి కావడం వల్ల, ఒకటి బ్యాటరీ అయిపోయి ఆగిందంటే మిగిలినవి ఎంతో కాలం నిలవవు. అందుకే టైర్లు మార్చవలసిన సమయం దగ్గరపడి ఉంటే నాలుగూ ఒకేసారి మార్పించడమే నా దృష్టిలో లాభం. దెబ్బ తగిలి ఒక్కటే విరిగితే మాత్రం ఆ ఒక్కటీ చాలు. స్పేరు చక్రంలో కూడా సెన్సారు ఉన్న కార్లు కొన్ని ఉన్నాయి, దాన్ని మరువకూడదు.

కొనేటప్పుడు మోడల్ పేరు ఒక్కటే చూసి తీసుకుంటే చిక్కే. సెన్సారు కారుకు రేడియో సంకేతం పంపుతుంది. ఒకే మోడల్ కారులో ఆ సంకేతం వేరువేరు దేశాలలో 315 మెగాహెర్ట్జ్ మీదనో 433 మెగాహెర్ట్జ్ మీదనో నడుస్తుంది, ఒక రకం సెన్సారు మరొకదానికి పనికిరాదు. కారు ఏ దేశపు అమ్మకానికి, ఏ సంవత్సరంలో తయారైందో, పాత సెన్సారు మీది పార్టు నంబరు ఏమిటో సరిచూడాలి. పాత సెన్సారు ఇంకా పలుకుతూ ఉంటే, చక్రం విప్పకముందే దాని గుర్తింపు సంఖ్యను చదివి, ఏ చక్రానికి ఏదో రాసుకోవాలి. ప్రోగ్రామ్ చేసుకునే రకం సెన్సారులోకి ఆ సంఖ్యనే ఎక్కిస్తే, చాలా కార్లలో మళ్లీ నమోదు చేసే పని తప్పుతుంది. కొత్త సెన్సారును బల్ల మీద ఉండగానే ప్రోగ్రామ్ చేసి, పరికరంతో ఒకసారి చదివించి, ఆ తరువాతే టైరులోకి పంపాలి. వాడేసిన సెన్సార్లు ఎంత చవకగా దొరికినా కొనవద్దు.

ఎక్కువ నష్టం జరిగేది టైరు ఊడదీసేటప్పుడు. ఈ పనిని టైరు మార్చే యంత్రం ఉన్న చోట, సెన్సార్ల సంగతి తెలిసిన పనివాడి చేత చేయించడమే క్షేమం. చక్రం మాత్రం ఇంట్లోనే విప్పుకునేవారు కారును చదునైన గట్టి నేల మీద నిలిపి, నేల మీద మిగిలే చక్రాలకు అడ్డు పెట్టి, జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా స్టాండు మీద ఆనించాలి. వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా పోయాకే టైరు అంచును రిమ్ము నుంచి విడదీయాలి. యంత్రం నొక్కే భాగాన్ని వాల్వుకు దూరంగా పెట్టాలి, లేకపోతే సెన్సారు విరుగుతుంది. పాత అల్యూమినియం వాల్వుల నట్లు తుప్పుతో పట్టేసి ఉంటే, బలవంతాన తిప్పినప్పుడు కాడ విరగడం మామూలే. పాత సెన్సారును ఎలాగూ పారేస్తారు కాబట్టి దానికి చింతించనక్కరలేదు కానీ, రిమ్ము రంధ్రం చుట్టూ గీతలు పడకుండా చూడాలి, ఆ తుప్పును శుభ్రంగా తుడవాలి.

కొత్తది బిగించేటప్పుడు రబ్బరు వాషరు, నట్టు, పిన్ను అన్నీ కొత్తవే వాడాలి. అల్యూమినియం కాడలో మామూలు ఇత్తడి పిన్ను పెడితే తేమ, ఉప్పు తగిలి రెండూ అతుక్కుపోతాయి. నికెల్ పూత ఉన్న పిన్ను, ప్లాస్టిక్ మూత వాడాలి. నట్టును చేతి అంచనాతో కాక, సెన్సారుతో వచ్చిన కాగితం చెప్పిన మేరకు చిన్న టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే రెంచి) బిగించాలి. ఇక్కడ గట్టిగా బిగించడమే ప్రమాదం: రబ్బరు నలిగి గాలి కారుతుంది, కాడ చిట్లుతుంది. టైరు ఎక్కించాక అంచు కూర్చోవడానికి 40 పీఎస్‌ఐ దాటించకుండా, చక్రానికి ఎదురుగా నిలబడకుండా గాలి పట్టాలి. వాల్వు మొదట్లో సబ్బు నీళ్లు పోసి బుడగలు రాకపోతేనే బ్యాలెన్సింగ్‌కు పంపాలి. సెన్సారు బరువు మారినా బ్యాలెన్సింగ్ మారుతుంది. చక్రం నట్లను ఒకదాని తరువాత పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించుకుంటూ పోవాలి.

చివరి పని కారుకు కొత్త సెన్సార్లను పరిచయం చేయడం. కొన్ని కార్లు కొంతదూరం నడిపితే వాటంతటవే నేర్చుకుంటాయి, కొన్నిటికి మెనూలో ఎంపిక ఉంటుంది, మరికొన్నిటికి ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటరును పరీక్షించే సాకెట్టు) పరికరం తగిలించక తప్పదు. ఏ పద్ధతి అయినా, నాలుగు టైర్లలోనూ సరైన గాలి పట్టాకే మొదలుపెట్టాలి. విప్పిన పాత సెన్సార్లు, సెన్సార్లున్న ఇతర చక్రాలు దగ్గరలో ఉంటే వాటి సంకేతాన్ని కారు పట్టుకోవచ్చు కాబట్టి వాటిని దూరం పెట్టాలి. దీపం ఆరినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. కారు ఆగి ఉన్నప్పుడే ఒక టైరులో హెచ్చరిక హద్దు కంటే కిందికి గాలి తీసి, దీపం వెలుగుతుందో లేదో, పీడనాలను విడివిడిగా చూపే కారైతే సరైన చక్రమే కనిపిస్తోందో లేదో చూడాలి. ఆగి ఉన్న కారులో సెన్సార్లు నిద్రలో ఉంటాయి కనుక వెంటనే వెలగకపోతే పరికరంతో తట్టిలేపి మళ్లీ చూసి, ఆ తరువాత గాలి తిరిగి నింపాలి.